ఆదివారం ఆబిడ్స్, ఆరు వేలు

మూసిన దుకాణాల షటర్ల ముందు
పుస్తకాలు బోర్లా పడుకుని ఎండ కాచుకుంటున్నాయి.
నా దగ్గర ఆరు వేలు,
రెండు ఖాళీ బియ్యం సంచులు,
హెడ్‌మాస్టర్ సంతకం చేసిన కాగితం:
"విద్యార్థులకు తగిన పుస్తకములు కొనవలెను."

తగిన.
పొద్దున్నుంచీ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాను.

నేను లెక్కల టీచర్ని.
మా బడిలో లైబ్రరీ అంటే ఒక ఇనప బీరువా.
దాని తాళంచెవి పదిహేనేళ్లుగా నా బ్యాగులో,
టిఫిన్ డబ్బా కింద.

ఏం కావాలో చీటీల మీద రాయమన్నాను పిల్లల్ని.
"బొమ్మలుండాలె, కానీ చిన్నపిల్లల బుక్కు లెక్క ఉండొద్దు"
అని ఆరో తరగతి హర్షిత్.
"సన్నగ ఉన్నది", వెనక బెంచీ నర్సింగ్.
"చివర్ల నీతి లేనిది", షాయిస్తా;
కింద రెండు గీతలు, రెండోది కాగితం చిరిగేట్టు.
ఒక చీటీలో ఏమీ లేదు.
గోరంత అయ్యేదాకా మడిచి, మడిచి ఇచ్చింది.
ఆ మడతలు నాకు తెలుసు.
తొమ్మిదో తరగతి భాగ్య.
దసరా సెలవుల తర్వాత
హాజరు పిలిస్తే చెయ్యి మాత్రమే ఎత్తుతుంది.

సంచి ఒకటి సులువుగానే నిండింది.
గ్రహాలు, డైనోసార్లు, తెలివైన కుందేళ్లు,
పట్టు వదలని రాజులు,
బొమ్మల్లో మీసాలు పెన్నుతో దిద్దిన మంత్రులు.
తగినవన్నీ తేలిగ్గా దొరుకుతాయి.

అట్ట ఊడిన నవల ఒకటి అడుగు నుంచి తగిలింది.
డెబ్భై మూడో పేజీలో
ఆస్పత్రి నుంచి అమ్మ తిరిగి రాదు.
ఆ పిల్ల ఆ సాయంత్రం
నీళ్లు పట్టి, బిందెలు నింపి,
ఖాళీ గిన్నె కోసం ఇల్లంతా వెతుకుతుంది,
ఇంకా నింపడానికి.
మూసేశాను. పద్నాలుగేళ్ల పిల్లకి ఇదెందుకు?
పక్కన పెట్టాను. తీశాను. పెట్టాను.

వాజిద్ చాచా చాయ్ ఊదుకుంటూ చూస్తున్నాడు.
"టీచరమ్మా, గా కితాబు మూడోసారి పట్టుకున్నవ్.
పోరగాళ్లకా, నీకా?"

నాకు పన్నెండేళ్లప్పుడు
మా గల్లీ చివరి గ్రంథాలయంలో
చేతిలోంచి పుస్తకం లాక్కున్నారు, "ఇది పెద్దలది" అని.
అందులో ఏముందో ఇరవై ఏళ్లు ఊహించుకున్నాను,
ఒక్కో ఏడు ఒక్కో రకం భయం.
చివరికి దొరికించుకుని చదివితే
ఒకావిడ ఏడుపు ఆపి, ముఖం కడుక్కుని, బస్సెక్కింది.
అంతే.
పన్నెండేళ్లప్పుడు మా ఇంట్లో
ఎవరైనా చెప్పాల్సింది కూడా అంతే.

"ఎంత, చాచా?"
"అట్ట లేదు గదా, ఇరవై ఇయ్యి."
బిల్లులో రాయించలేదు. నా పర్సులోంచి ఇచ్చాను.

కోఠి దాకా బస్సులో సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని
ఆలోచించాను, చేతికి ఇవ్వాలా అని.
ఇస్తే మందైపోతుంది.
మందని తెలిస్తే ఏ పిల్లయినా పళ్లు బిగిస్తుంది.

సోమవారం బీరువా సర్దాను.
నడుమెత్తు అరలో, గ్రహాలకీ కుందేళ్లకీ మధ్య,
చెయ్యి అనుకోకుండా తగిలే చోట పెట్టాను.
తాళం వేయడం మర్చిపోయాను.
(నేనెప్పుడూ ఏదీ మర్చిపోను.
మా ఆయన్ని అడగండి.)

శుక్రవారం లెక్కపెట్టాను.
నూట పద్దెనిమిది ఉండాలి.
నూట పదిహేడు.
రిజిస్టర్‌లో ఎవరి పేరూ లేదు.
లెక్క తప్పితే ఊరుకునే దాన్ని కాను, బడంతా చెప్తుంది.
ఎర్ర పెన్ను మూత తీసి,
కాసేపు పట్టుకుని,
మళ్లీ పెట్టేశాను.

వెనక నుంచి నర్సింగ్:
"టీచర్, సన్నది అయిపోయింది.
దీని రెండో భాగం ఉన్నదా?"
లేదన్నాను.
"గట్లయితే ఎందుకు కొన్నరు!" అని
నన్ను తిట్టుకుంటూ పోయాడు.